బంతి లేనివాళ్లను చూడండి పిల్లలూ

నల్లగొండ

పెద్దోడికి, చిన్నోడికి, చిట్టికి పెద్దనాన్న దీవెనలు.

మొన్న రాత్రి ఫోన్‌లో మీరు ముగ్గురూ ఒక్కసారే మాట్లాడేసరికి నాకు సగమే అర్థమైంది. చిట్టి మాట మాత్రం స్పష్టంగా వినబడింది. "మెస్సీ ఆడుతుండా, షుగర్ ఉందని డాక్టర్ చెప్తే వాకింగ్‌కు వచ్చిండా?" అన్నది. పెద్దోడికి కోపం ముక్కు మీదికొచ్చింది. చిన్నోడేమో నవ్వలేక దగ్గుతున్నాడు. ఆఖరికి "పెద్దనాన్నా, నువ్వే చెప్పు" అని తీర్పు నా మీద పెట్టారు. ఫోన్‌లో చెప్తే మూడో మాటకే అడ్డం వస్తారు, అందుకే రాస్తున్నాను.

చిట్టి చూసింది నిజమే. మెస్సీ ఫుట్‌బాల్ మైదానంలో చాలాసేపు నడుస్తూనే ఉంటాడు. అయితే ఈసారి ఆయన కాళ్లు కాదు, తల చూడండి. ఎడమకు, కుడికి, భుజం మీదుగా వెనక్కి తిరుగుతూనే ఉంటుంది. గోల్‌కు కాపలా కాసే ఏ డిఫెండర్ ముందుకు జరిగాడు, ఎవరి వెనక ఖాళీ ఉంది, బంతి తన దగ్గరికి వస్తే ఎటు తిరగాలి అని ముందే చూసిపెట్టుకుంటాడు. పక్కన కాపలా ఉన్నవాడికి అదొక పెద్ద టెన్షన్. మెస్సీ వెంట తనూ నడిస్తే తన స్థానం ఖాళీ అవుతుంది. వదిలేస్తే మెస్సీ ఒంటరిగా దొరుకుతాడు. బంతి ముట్టకుండానే ఎదుటివాణ్ణి ఇరకాటంలో పెట్టడం అంటే అదే.

చిన్న లెక్క చేద్దాం. 90 నిమిషాల మ్యాచ్‌లో త్రోలు, ఫౌళ్లు, దెబ్బలు, గోల్ తర్వాత సంబరాలు తీసేస్తే బంతి నిజంగా ఆటలో ఉండేది సుమారు గంట. ఆ గంటను 22 మందికి పంచితే మనిషికి మూడు నిమిషాలు కూడా రావు. అంటే మీరు ప్రాణంగా చూసే ఆటగాడు మ్యాచ్‌లో 87 నిమిషాలు బంతి లేకుండానే గడుపుతాడు. ఆ 87 నిమిషాలు వాడేం చేశాడో చూడకుండా "బాగా ఆడిండు, ఆడలే" అని ఎట్లా చెప్తాం?

కబడ్డీ చూసేటప్పుడు మీకు ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. కూతకు వచ్చినవాడు ఒక్కడే అయినా మనం వాణ్ణొక్కణ్ణే చూడం. చేతులు పట్టుకున్న జంట ఎటు జరుగుతోంది, మూలన ఉన్నవాడు ఎప్పుడు కాలు పట్టబోతున్నాడు, అన్నీ చూస్తాం. ఫుట్‌బాల్ దగ్గరికి వచ్చేసరికి ఆ కళ్లు బంతికి అతుక్కుపోతాయి. ఇక్కడ ఎన్జీ కాలేజీ గ్రౌండ్‌లో సాయంత్రం పిల్లలు ఆడుతుంటే రోజూ చూస్తాను. బంతి ఎక్కడుంటే అందరూ అక్కడే. గోల్ ముందు ఎకరం జాగా ఖాళీగా ఉంటుంది, అక్కడికి వెళ్లి నిలబడేవాడే ఉండడు.

టీవీలో కెమెరా కూడా బంతి వెంటే పరుగెత్తుతుంది, అదొక ఇబ్బంది. గోల్ కిక్‌కు ముందు, కార్నర్‌కు ముందు కెమెరా దూరం నుంచి చూపిస్తుంది. ఆ నాలుగైదు సెకన్లు ఫోన్ వైపు చూడకండి. ఎవరు ఎక్కడ నిలబడ్డారో గుర్తుపెట్టుకోండి.

ఇక ఆఫ్‌సైడ్. చిన్నోడికి దీని మీద పాత పగ ఉంది. పక్క గీత మీది అసిస్టెంట్ రిఫరీని చూసి "జెండా లేపిండు, ఆరేసుకోవడానికా?" అంటాడు. రూలు వినరా. మనవాడు బంతి తన్నిన ఆ క్షణంలో, ఎదుటి జట్టు సగంలో ఉన్న మన ఆటగాడు బంతి కంటే, ఎదుటి జట్టులో చివరి నుంచి రెండోవాడి కంటే గోల్ లైన్‌కు దగ్గరగా ఉంటే అది ఆఫ్‌సైడ్ స్థానం. చాలాసార్లు ఆ చివరివాడు గోల్‌కీపరే కాబట్టి మనం ఆఖరి డిఫెండర్‌ను చూస్తే సరిపోతుంది. సమానంగా ఉంటే తప్పు లేదు. చేతులు లెక్కలోకి రావు. త్రో, కార్నర్, గోల్ కిక్ నుంచి నేరుగా వచ్చిన బంతికి ఆఫ్‌సైడే లేదు. 1925 దాకా ఇద్దరు కాదు, ముగ్గురు అడ్డం ఉండాలని రూలు. ముగ్గుర్ని ఇద్దరికి తగ్గించాక గోల్స్ పెరిగాయి. వాటిని ఆపడానికి మైదానం మధ్యలో ఆడే ఒక మిడ్‌ఫీల్డర్‌ను వెనక్కి లాగి ముగ్గురు డిఫెండర్ల పద్ధతి పెట్టారు. డిఫెండర్లు, మిడ్‌ఫీల్డర్లు, ముందు ఆడే ఫార్వర్డ్‌లు ఎంతమందో చెప్పడానికి 4-3-3 అనీ 4-4-2 అనీ మీరు ఇప్పుడు వాదించుకునే అంకెలకు అక్కడినుంచే దారి పడింది.

ఈ రూలును ఆయుధంగా వాడిన మ్యాచ్ ఒకటి మళ్లీ చూడండి. 2022 ప్రపంచకప్, నవంబర్ 22, ఖతర్‌లోని లుసైల్ స్టేడియం, అర్జెంటీనా మీద సౌదీ అరేబియా. అప్పటికి అర్జెంటీనా వరసగా 36 మ్యాచ్‌లు ఓడలేదు. పదో నిమిషంలోనే మెస్సీ పెనాల్టీతో గోల్ కొట్టాడు. ఆ తర్వాత ఫస్టాఫ్‌లోనే మెస్సీ ఒకటి, లౌతారో మార్టినెజ్ రెండు గోల్స్ కొడితే మూడూ ఆఫ్‌సైడ్ కింద పోయాయి. సౌదీ కోచ్ ఎర్వే రెనార్ తన డిఫెండర్లను గోల్‌కు దగ్గరగా కూర్చోబెట్టలేదు. దాదాపు సెంటర్ లైన్ దాకా తెచ్చి ఒకే వరసలో నిలబెట్టాడు. వెనకంతా ఖాళీ. ప్రమాదమే. కానీ అర్జెంటీనా ఫార్వర్డ్ అర అడుగు ముందు కదిలినా చిక్కినట్టే. మొత్తం పదిసార్లు చిక్కారు. సెకండాఫ్ మొదలైన ఎనిమిది నిమిషాల్లో అల్ షెహ్రీ, అల్ దవ్సారీ చెరో గోల్ కొట్టి 2-1తో గెలిచారు. మన చిన్నోడు ఆ రోజు జెండా ఎత్తినవాణ్ణే తిట్టాడు. నలుగురు డిఫెండర్లు బంతి దగ్గర లేకుండానే ఒకరినొకరు చూసుకుంటూ ఒకే అడుగు వేయడం ఎంత కష్టమో చూడు బిడ్డా. ఒక్కడు వెనకబడితే వరస మొత్తం పోతుంది.

మీ ఎగతాళి మానమని నేను చెప్పను. ఫుట్‌బాల్ చూస్తూ నోరు మూసుకుని కూర్చోవడం నాకూ చేతకాదు. "పాస్ ఇయ్యమంటే పార్సిల్ పంపిండు" అని చిట్టి అన్నది విని నేను వారం రోజులు అందరికీ చెప్పి నవ్వించాను. అది ఆట చూసి పుట్టిన మాట, అందుకే అంత బాగుంది. కానీ 2022 ప్రపంచకప్ ఫైనల్లో పెనాల్టీలు పోగొట్టిన ఫ్రాన్స్ ఆటగాళ్లు కొమాన్, చువామెనీలను వాళ్ల ఒంటి రంగు పట్టుకుని జనం ఫోన్లలో తిట్టారు. అంతకు ముందు ఏడాది యూరప్ దేశాల యూరో కప్ ఫైనల్ తర్వాత ఇంగ్లండ్ కుర్రాడు సాకాకూ అదే జరిగింది, అప్పటికి వాడికి పందొమ్మిదేళ్లు. అట్లాంటి మాట మీ ముగ్గురిలో ఎవరి నోటి నుంచి వచ్చినా నేను ఊరుకోను.

మీరు మాడ్రిడ్, మాంచెస్టర్ క్లబ్బులంటుంటారు. మన హైదరాబాద్ సంగతి మీకెవరూ చెప్పినట్టు లేదు. సయ్యద్ అబ్దుల్ రహీం అని ఒక బడిపంతులు ఉండేవారు, అందరికీ రహీం సాబ్. ఆయన తయారుచేసిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ ఫుట్‌బాల్ టోర్నమెంట్ గెలిచింది. ఆయనే దేశానికీ కోచ్. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీస్‌కు పోయింది, నాలుగో స్థానంలో నిలిచింది. ఒలింపిక్స్ ఫుట్‌బాల్ సెమీస్ ఆడిన మొదటి ఆసియా దేశం మనదే.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది 1962 జకార్తా ఏషియన్ గేమ్స్. జర్నైల్ సింగ్ అని గట్టి డిఫెండర్. తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. వేరే కోచ్ అయితే బెంచీ మీద కూర్చోబెట్టేవాడేమో. రహీం సాబ్ ఆయన్ను తీసుకెళ్లి ఫార్వర్డ్‌గా పెట్టారు. సెమీస్‌లో గోల్, ఫైనల్లో గోల్! దక్షిణ కొరియాను 2-1తో ఓడించాం, మొదటి గోల్ పి.కె. బెనర్జీది. ఆ జట్టులో మన సికింద్రాబాద్ అమ్ముగూడ బిడ్డ తులసీదాస్ బలరాం ఉన్నారు. రహీం సాబ్‌కు అప్పటికే క్యాన్సర్, మరుసటి ఏడు జూన్‌లో పోయారు. ఏ మనిషిని ఎక్కడ నిలబెడితే ఆట మారుతుందో ఆ పంతులు చూసిన చూపు మీకు రావాలని నా ఆశ.

సాయంత్రం స్టేడియం గ్రౌండ్‌కు పోయినప్పుడు ఇది ఆడండి. పది అంగల చదరం గీయండి. నలుగురు చుట్టూ, ఒకడు మధ్యలో. చుట్టూ ఉన్నవాళ్లు రెండు తాకుళ్లలోనే బంతి వదిలెయ్యాలి, మధ్యలోవాడు అందుకుంటే పోగొట్టినవాడు లోపలికి. స్పెయిన్‌లో దీన్ని రోండో అంటారు, బార్సిలోనా క్లబ్బు పిల్లలు రోజూ ఆడేది ఇదే. బంతి లేని ముగ్గురూ ఊరికే నిలబడితే రెండు నిమిషాల్లో ఆట ఆగిపోతుంది. పక్కకు రెండడుగులు జరిగి దారి ఇస్తేనే సాగుతుంది. చిట్టిని తప్పకుండా ఆడనివ్వండి. మీ ఇద్దరికంటే దాని చూపే చురుకు.

ఇక నా ప్రశ్న. 2022 డిసెంబర్ 18 ప్రపంచకప్ ఫైనల్, అర్జెంటీనా, ఫ్రాన్స్. అర్జెంటీనా ఆటగాడు డి మరియా గాయం నుంచి కోలుకుని వచ్చాడు, సెమీస్ ఆడలేదు. కోచ్ స్కలోనీ ఆయన్ను ఎప్పుడూ ఉండే కుడి వైపు కాకుండా ఎడమ వింగ్‌లో, అంటే మైదానం ఎడమ అంచున, పెట్టాడు. మొదటి గోల్‌కు దారిచ్చిన పెనాల్టీ తెచ్చింది ఆయనే. 36వ నిమిషంలో రెండో గోల్ కూడా ఆయనదే. ఆ గోల్ చూడండి. మెస్సీ, అల్వారెజ్, మెక్ అలిస్టర్ కుడి వైపు నుంచి బంతి తెస్తుంటే డి మరియా ఎడమ వైపు ఒంటరిగా పరుగెత్తుతూ ఉన్నాడు. ఫస్టాఫ్ మొత్తంలో ఫ్రాన్స్ గోల్ వైపు ఒక్క షాట్ కొట్టలేదు. 64వ నిమిషంలో డి మరియాను బయటికి పిలిచి అకూన్యాను దించారు. 80వ నిమిషంలో, 81వ నిమిషంలో ఫ్రాన్స్ ఆటగాడు ఎంబాపే రెండు గోల్స్. రెండోదానికి మొదలు ఎక్కడంటే, కొమాన్ మెస్సీ కాళ్ల దగ్గరి నుంచి బంతి లాక్కున్నాడు. ఆ తర్వాత 3-3 అయ్యి, పెనాల్టీల్లో 4-2తో అర్జెంటీనా గెలిచింది కాబట్టి ఈ సంగతి అందరూ మరిచిపోయారు.

డి మరియాను తీయడం తప్పని నా మాట. ఆయన ఉన్నంతసేపు ఫ్రాన్స్ కుడి వైపువాళ్లు వెనక్కి చూసుకుంటూ ఆడారు, పోయాక ఆ భయం పోయింది. స్కలోనీ వైపు నుంచీ కారణం ఉంది. గాయమైన కాలు, రెండు గోల్స్ ఆధిక్యం, డిఫెన్స్ గట్టి చేసుకుందామనుకున్నాడు. 60వ నిమిషం నుంచి 81 దాకా మళ్లీ పెట్టుకుని చూడండి, మెస్సీని కాదు, ఎంబాపేను కాదు, అర్జెంటీనా ఎడమ వైపును. పెద్దోడు ఒక కాగితం, చిన్నోడు ఒక కాగితం, చిట్టి ఒక కాగితం. ఒకరిది చూసి ఒకరు రాయొద్దు. నేను తప్పంటే ఎందుకు తప్పో కారణంతో రాయండి, "నీకేం తెల్వదు పెద్దనాన్నా" అని మొదలుపెట్టినా సరే.

మీ పెద్దనాన్న