వంశవృక్ష బృందం పేరుకు సర్వీస్ మార్క్: అపోహలు - వాస్తవాలు

ట్రేడ్‌మార్క్ పనిలో ఉన్నవాడిని కాబట్టి కంపెనీలే ఎక్కువగా వస్తాయి. ఈ మధ్య మాత్రం వంశవృక్షాలు సేకరించే స్వచ్ఛంద బృందాలు కూడా వస్తున్నాయి. పిచ్చుకుంట్ల వారు నోటితో చెప్పే వంశావళిని రికార్డు చేసేవాళ్లు, పెట్టెల్లో మగ్గుతున్న పాత దస్తావేజులను ఫొటోలు తీసేవాళ్లు, హరిద్వార్ పండాల దగ్గరుండే బహీల్లో, అంటే వంశాల పేర్లు రాసి ఉంచే పుస్తకాల్లో, ముత్తాత సంతకం కోసం వెతికేవాళ్లు వీళ్లు. ఖర్చంతా సొంత జేబులోంచే పెట్టుకుంటారు. ముక్కూమొహం తెలియని కుటుంబాలు తల్లుల పుట్టింటి పేర్లు, పుట్టిన తేదీలు, భూమి కాగితాలు వీళ్ల చేతిలో పెడుతున్నాయంటే ఆ బృందం పేరు మీద ఉన్న నమ్మకంతోనే. అదే పేరు పెట్టుకుని ఇంకెవరో వివరాలు, చందాలు అడగడం మొదలుపెడితే నష్టం బృందంతో ఆగదు, ఆ కుటుంబాలకూ తగులుతుంది. అందుకే ఈ పేర్ల విషయంలో నాకు పట్టింపు ఎక్కువ.

అపోహ: మేం పైసా తీసుకోం, మాకు ట్రేడ్‌మార్క్ ఎలా ఇస్తారు?

మన దేశంలో 2003 సెప్టెంబర్ 15 దాకా సేవల పేర్లకు అసలు రిజిస్ట్రేషనే లేదు, సరుకులకే ఉండేది. ఆ రోజు అమల్లోకి వచ్చిన 1999 నాటి ట్రేడ్ మార్క్స్ చట్టం సేవలనూ చేర్చింది. సేవ పేరుకు వచ్చే ట్రేడ్‌మార్క్‌నే సర్వీస్ మార్క్ అంటాం. అందులో సేవ అంటే వాడుకునేవాళ్లకు అందుబాటులో ఉంచిన ఏ రకమైన సేవైనా అని ఉంది, రుసుము తీసుకోవాలన్న షరతు లేదు. ట్రస్టులు, సొసైటీలు తమ పేర్లు నమోదు చేయించుకోవడం మామూలే. ట్రేడ్‌మార్క్‌ల కోసం సరుకులను, సేవలను తరగతులుగా విభజించారు. వంశ పరిశోధనకు 45వ తరగతి. పుస్తకాలు వేస్తే, సమావేశాలు పెడితే 41వది కూడా చూడాలి.

అమెరికాలోనూ అంతే. ఉచితంగా పంచిన కూల్‌మెయిల్ అనే సాఫ్ట్‌వేర్ పేరుకు అక్కడి అప్పీల్ కోర్టు 2001లో రక్షణ ఇచ్చింది. ఒక చర్చి వేరే రాష్ట్రం మనిషికి అమ్మిన రెండు టోపీలు కూడా అక్కడ రిజిస్ట్రేషన్‌కు చూసే ‘వాణిజ్యంలో వాడకం’ కిందకే వస్తాయని 2016లో అడిడాస్‌తో నడిచిన కేసులో ఫెడరల్ సర్క్యూట్ అనే అప్పీల్ కోర్టు తేల్చింది.

అపోహ: దరఖాస్తు ఎవరి పేరున వేస్తే ఏముంది, అందరం ఒకటేగా!

మిగతావన్నీ తర్వాత సర్దుకోవచ్చు. ఇది మాత్రం మొదటి రోజే తేల్చుకోవాలి.

ట్రేడ్‌మార్క్ దరఖాస్తుకు వాడే టీఎం-ఏ ఫారంలో దరఖాస్తుదారు ఎవరు అన్న గడి ఉంటుంది. ఈ-ఫైలింగ్‌లో వ్యక్తికి తరగతికి ₹4,500. సొసైటీకి, అది చిన్న సంస్థ కోటాలోకి రాకపోతే, ₹9,000. సగానికి సగం మిగులుతుంది కదా అని బృందం మొదలుపెట్టిన పెద్దాయన పేరున వేసేస్తారు. ఆయన మంచివాడే, ఎవరికీ అనుమానం ఉండదు. కానీ రిజిస్టర్‌లో యజమానిగా ఎక్కేది ఆయన పేరే. రేపు ఆయన పోతే హక్కు వారసులకు వెళ్తుంది. పదేళ్లు పనిచేసిన కార్యకర్తలు ఆ ఇంటి గుమ్మం ముందు నిలబడాల్సి వస్తుంది.

నా దగ్గరకు వచ్చిన ఒక బృందంలో మార్క్ ఒకరి పేరున, వెబ్ అడ్రస్ ఇంకొకరి పేరున, లోగో గీసింది మూడో మనిషి. ముగ్గురికీ మాటలు లేవు. ఇరవై వేల పైచిలుకు పేర్లున్న వంశవృక్షం మధ్యలో ఇరుక్కుపోయింది. లోగో గీసినావిడకు డబ్బిచ్చి చేయించుకున్నది కాదు కాబట్టి కాపీరైట్ ఆవిడదే. చట్టం ప్రకారం అది బృందానికి రావాలంటే రాతపూర్వకంగా బదిలీ చేయాలి. బొమ్మ గీసిన రోజునే ఒక పేజీ కాగితం మీద సంతకం తీసుకుని ఉంటే సరిపోయేది.

నా సలహా ఒకటే. ముందు సొసైటీ రిజిస్టర్ చేయించండి. మన తెలుగు రాష్ట్రాల్లో 2001 నాటి సొసైటీల చట్టం కింద ఏడుగురు సభ్యులు చాలు. ఆ తర్వాత సొసైటీ పేరునే మార్క్‌కు దరఖాస్తు వేయండి. జిల్లా శాఖలు, ఊరి ప్రతినిధులు పేరు ఎలా వాడుకోవచ్చో, బయటికి వెళ్లేటప్పుడు ఏం వదిలేయాలో నియమావళిలో రాసుకోండి. అమెరికాలో 1996లో కెంటకీ నుంచి మొదలైన యూఎస్‌జెన్‌వెబ్ అనే వంశావళి వెబ్‌సైట్ లాంటి చోట్ల కౌంటీకొక వాలంటీర్ పని చూసుకుంటాడు. అలా విస్తరించే బృందానికి ఈ రాత ఇంకా ముఖ్యం.

అపోహ: సొసైటీ సర్టిఫికెట్ ఉంది, డాట్ ఆర్గ్ ఉంది, ఇంకేం కావాలి?

సొసైటీల రిజిస్ట్రార్ ఇచ్చేది సంఘానికి గుర్తింపు, పేరు మీద ట్రేడ్‌మార్క్ హక్కు కాదు. డొమైన్ అంటే ఏడాదికోసారి అద్దె కట్టుకునే చిరునామా. సత్యం ఇన్ఫోవే కేసులో 2004లో సుప్రీంకోర్టు డొమైన్ పేరుకూ ట్రేడ్‌మార్క్‌లాగే రక్షణ ఉంటుందని చెప్పిన మాట నిజమే. అయితే రిజిస్ట్రేషన్ లేనప్పుడు మీ పేరుకు జనంలో ఉన్న గుర్తింపును మీరే కోర్టులో రుజువు చేసుకోవాలి. ఒక చిన్న బృందానికి అది మోయలేని ఖర్చు. సర్టిఫికెట్ ఉంటే నకిలీ ఫేస్‌బుక్ పేజీ మీద ఫిర్యాదు చేయడం కూడా తేలికవుతుంది.

అపోహ: ముందు దరఖాస్తు పెట్టినవాడిదే పేరు

తిరునెల్వేలిలోని ఇరుట్టుకడై హల్వా అనే పేరు మీద నడిచిన గొడవలో 2015లో సుప్రీంకోర్టు చెప్పింది దీనికి సరిగ్గా ఎదురు. రిజిస్ట్రేషన్ కన్నా ముందునుంచీ వాడుతున్నవాడి హక్కే పెద్దది. కాబట్టి ఎవరో మీ పేరుకు దరఖాస్తు వేసేశారని తెలిస్తే టెన్షన్ పడి పేరు మార్చుకోకండి. వాళ్ల దరఖాస్తు ప్రభుత్వ ట్రేడ్ మార్క్స్ జర్నల్‌లో వచ్చాక అభ్యంతరం చెప్పడానికి నాలుగు నెలల గడువు ఉంటుంది.

ఎప్పటినుంచి వాడుతున్నారో అఫిడవిట్‌తో, ఆధారాలతో చూపాలి. మొదటి సమావేశం ఆహ్వానపత్రం, హాలు అద్దె రసీదు, తేదీ కనిపించే కరపత్రం, అప్పటి ఈమెయిల్స్, ఇవన్నీ ఒక ఫైల్లో పెట్టుకోండి. ఎవరి ఇంట్లోనో అట్టపెట్టెలో ఉన్న ఆ రసీదే మీకు అసలు బలం.

అపోహ: మా ఇంటిపేరు మాదే, వేరేవాళ్లు వాడకూడదు

ఇంటిపేరు సంఘాలవాళ్లు మొదట అడిగేది ఇదే. ఇంటిపేరు అయినంత మాత్రాన మన ప్రస్తుత చట్టం కాదనదు, కానీ దాన్ని వినగానే మీ బృందమే గుర్తుకొచ్చేంత ప్రత్యేకత కావాలి. అమెరికాలో ఇంకా కష్టం, వట్టి ఇంటిపేరుగా కనిపించేదాన్ని మామూలుగా తిరస్కరిస్తారు. ఇక్కడ రిజిస్ట్రేషన్ వచ్చినా సరే, అదే ఇంటిపేరున్న మనిషి నిజాయతీగా తన పేరు వాడుకుంటే మన చట్టంలోని 35వ సెక్షన్ ఆపనివ్వదు. ఆపాలనుకోవడం న్యాయమూ కాదు. ఆ పేరు మీకన్నా ముందు వందల కుటుంబాలది.

‘తెలుగు వంశవృక్షం’ లాంటి పేరుకూ ఇదే చిక్కు. చేసే పనినే పేరుగా పెట్టుకుంటే 9వ సెక్షన్ కింద అభ్యంతరం వస్తుంది. దాన్ని తెలుగు లిపిలో రాసినంత మాత్రాన గండం గడవదు. ఒక కల్పిత పదమో, ఊరి గుర్తుతో కలిపిన కొత్త మాటో ఎంచుకోండి. వేసేముందు రిజిస్ట్రీ సైట్‌లో ఉచితంగా వెతకండి. వంశ, వంష, వన్ష్ అని ఇంగ్లీషులో ఎన్ని స్పెల్లింగులుంటాయో అన్నీ చూడాలి, పరిశీలకుడు చెవికి ఎలా వినిపిస్తుందో కూడా చూస్తాడు.

అపోహ: దరఖాస్తు వేశాం, ఇక పేరు పక్కన వృత్తంలో ఆర్ పెట్టుకోవచ్చు

పెట్టకూడదు, రిజిస్టర్ కాకముందు అది చట్టవిరుద్ధం. అప్పటిదాకా టీఎం చాలు.

అపోహ: ఇక్కడ చేయిస్తే డాలస్‌లోని మా శాఖకూ పనికొస్తుంది

ట్రేడ్‌మార్క్ ఏ దేశానికి ఆ దేశమే. భారత్ 2013లో మాడ్రిడ్ ఒప్పందంలో చేరింది కాబట్టి ఇక్కడి దరఖాస్తు ఆధారంగా బయటి దేశాలను కోరవచ్చు, అయినా ఆ దేశం విడిగా పరిశీలించే ఒప్పుకుంటుంది. అమెరికాలో నేరుగా వేస్తే 2025 జనవరి నుంచి తరగతికి 350 డాలర్లు. చిరునామా ఇండియాదైతే అక్కడి లాయర్ తప్పనిసరి. అక్కడ అభ్యంతరాలకు 30 రోజులే గడువు.

గడువుల దగ్గరే బృందాలు ఎక్కువగా దెబ్బతింటాయి. ఇక్కడ పదేళ్లకోసారి రెన్యువల్. అక్కడ దానికి తోడు ఐదో ఏడు నిండి ఆరో ఏడు పూర్తయ్యేలోపు పేరు ఇంకా వాడుతున్నామని డిక్లరేషన్ వేయాలి, ఆ తర్వాత ఇచ్చే ఆరు నెలల అదనపు గడువూ దాటితే మార్క్ రద్దే. నోటీసులు దరఖాస్తులో ఇచ్చిన ఈమెయిల్‌కే వస్తాయి. అందుకే దరఖాస్తులో కార్యదర్శి సొంత జీమెయిల్ కాకుండా సొసైటీ పేరున తెరిచిన ఈమెయిల్ ఇవ్వండి, పాస్‌వర్డ్ కనీసం ఇద్దరు కార్యవర్గ సభ్యుల దగ్గర ఉండాలి.