గ్రౌలర్, ప్రౌలర్ మోడళ్లు: అపోహలు - వాస్తవాలు

ఎలక్ట్రానిక్ యుద్ధ పరికరాల మీద పరిశోధించే డీఎల్ఆర్ఎల్ మన చాంద్రాయణగుట్టలోనే ఉంది. కాబట్టి శత్రువు రాడార్లను గందరగోళపరిచే జామర్ అన్న మాట హైదరాబాద్‌కు కొత్తది కాదు. కానీ విమానవాహక నౌకల మీంచి ఎగిరే గ్రౌలర్, దానికి ముందటి ప్రౌలర్ అనే అమెరికా జామర్ విమానాల మోడళ్ల విషయంలో ఇక్కడ కలెక్టర్లలో కొన్ని తప్పుడు నమ్మకాలు పాతుకుపోయాయి. ఈ విమానాల ప్రత్యేకతంతా బయట తగిలించే పెట్టెల్లాంటి పాడ్లలో, యాంటెన్నాల్లో ఉంది. మోడల్‌లో ముందు విరిగేవీ, పార్సిల్‌లో మాయమయ్యేవీ కూడా అవే.

అపోహ: గ్రౌలర్ అంటే స్టిక్కర్లు మార్చిన సూపర్ హార్నెట్.

వాస్తవం: ఈఏ-18జీ గ్రౌలర్ పుట్టింది రెండు సీట్ల సూపర్ హార్నెట్ ఎఫ్/ఏ-18ఎఫ్ నుంచే. కానీ మోడల్ చేతికి రాగానే నాలుగు చోట్ల చూడండి. ఒకటి, ముక్కు పైన తుపాకీ రంధ్రం ఉండకూడదు. అసలు విమానంలో తుపాకీ తీసేసి ఆ చోట ఎలక్ట్రానిక్ పెట్టెలు పెట్టారు. రెండు, రెక్కల కొసల్లో సైడ్‌వైండర్ క్షిపణులు కాదు, ఏఎల్‌క్యూ-218 రిసీవర్ పాడ్లు ఉండాలి. మూడు, రెక్క పైన నిలువుగా చిన్న పలక, అంటే వింగ్ ఫెన్స్, ఉండాలి. నాలుగు, వీపు మీద, పొట్ట కింద అదనపు యాంటెన్నాలు. కొసన క్షిపణి పట్టాలున్న మోడల్‌ను ‘గ్రౌలర్’ అని అమ్ముతుంటే ధర అడగాల్సిన పని కూడా లేదు.

అపోహ: పాడ్ ముందున్న పంకా విమానాన్ని నడిపే ప్రొపెల్లర్.

వాస్తవం: రాడార్లను జామ్ చేసే ఏఎల్‌క్యూ-99 పాడ్ తనకు కావాల్సిన కరెంటు తానే పుట్టించుకుంటుంది. విమానం దూసుకుపోతుంటే ఎదురుగాలి ఆ పంకాను తిప్పుతుంది, పంకా జనరేటర్‌ను తిప్పుతుంది. దాని తర్వాతి తరం ఏఎల్‌క్యూ-249 పాడ్లకు బయటికి కనిపించే పంకా లేదు. అందుకే పంకా లేని పాడ్ చూడగానే విరిగిపోయిందని అనుకోవద్దు; ఏ పాడో ముందు తేల్చుకోండి.

అపోహ: పాడ్లు ఎన్ని ఎక్కువుంటే మోడల్ అంత సరైనది.

వాస్తవం: గ్రౌలర్, ప్రౌలర్ రెండూ ఐదు జామింగ్ పాడ్ల వరకు మోయగలవు. కానీ ఇంధన ట్యాంకులకూ, రాడార్ల మీదికి వదిలే హార్మ్ క్షిపణులకూ చోటు కావాలి కదా. పొట్ట కింద ఒకటి, రెక్కకొకటి చొప్పున మూడు పాడ్లు, రెండు ట్యాంకులు అన్న అమరిక నూటికి నూరుపాళ్లు నమ్మదగినది. ఎదుర్కోవాల్సిన రాడార్‌ను బట్టి పాడ్ లోపలి ట్రాన్స్‌మిటర్లు మారతాయి కాబట్టి అన్నీ అచ్చుగుద్దినట్టు ఉండనక్కర్లేదు.

అపోహ: ప్రౌలర్ అద్దాలు పసుపుగా ఉన్నాయంటే మోడల్ పాతబడింది.

వాస్తవం: ఈఏ-6బీ ప్రౌలర్ 1971లో సేవలోకి వచ్చింది, అమెరికా నౌకాదళంలో 2015 వరకు, మెరైన్ దళంలో 2019 వరకు ఎగిరింది. తన పాడ్ల నుంచి వెలువడే తరంగాలు లోపలున్న నలుగురికి తగలకుండా అద్దాలకు సన్నని బంగారు పూత వేశారు. రంగు అన్ని పలకల మీదా సమానంగా ఉంటే అది పూతే. అంచుల్లో ముదురుగా, మధ్యలో పలచగా ఉంటే వయసు. పాలిష్ పెట్టి రుద్దితే పూత ఊడుతుంది, మళ్లీ రాదు. కిట్ కట్టేవాళ్లు టామియా క్లియర్ ఎల్లోలో కొద్దిగా స్మోక్ కలిపి, బాగా పలచన చేసి, అద్దం లోపలివైపు రెండు మూడు పొరలుగా కొట్టాలి. ఒక్కసారే మందంగా కొడితే మూలల్లో చేరి మరకలు కడుతుంది. అతికించడానికి ఫెవిక్విక్ వద్దు, దాని ఆవిరికి అద్దం తెల్లబారుతుంది. పుల్ల కొనతో ఫెవికాల్ చుక్క చాలు. డెకాల్స్, అంటే నీళ్లలో నానబెట్టి అతికించే గుర్తులు, నానబెట్టడానికి బోరు నీళ్లు వాడకండి, ఆరాక సున్నపు మచ్చలు మిగులుతాయి. బ్యాటరీ షాపుల్లో దొరికే డిస్టిల్డ్ వాటర్ మంచిది.

అపోహ: ఏ స్కేలైనా షోకేసులో పడుతుంది.

వాస్తవం: గ్రౌలర్ పొడవు 18.3 మీటర్లు. 1/72లో 25.4 సెంటీమీటర్లు, 1/48లో 38 దాటుతుంది. 30 సెంటీమీటర్ల లోతున్న అరలో రెండోది నేరుగా పట్టదు.

అపోహ: అచ్చులో పోసిన డైకాస్ట్ మోడల్ లోహమే కదా, హైదరాబాద్ ఎండ దాన్నేం చేస్తుంది?

వాస్తవం: ఒళ్లు జింకు మిశ్రమమే. కానీ యాంటెన్నాలు, పాడ్లు, చక్రాలు, స్టాండ్ ప్లాస్టిక్. ఎక్కువ నష్టం ఇక్కడే జరుగుతోంది. మే నెలలో పార్సిల్‌ను కారు డిక్కీలో వదిలేస్తే సన్నని యాంటెన్నాలు వంగుతాయి. మెత్తటి టైర్లలోని నూనె బయటికి వచ్చి కింది ప్లాస్టిక్‌ను తినేస్తుంది. టైరు కింద పాలిథిన్ ముక్క పెట్టండి. పడమటి కిటికీ ఎదురుగా షోకేసు పెట్టొద్దు. వంగిన యాంటెన్నా విడిగా ఊడివచ్చేదైతే, దాని మీద ప్రింట్ లేకపోతే, చేయి కాలేంత వేడి నీళ్లలో కొన్ని సెకన్లు ముంచి, వేళ్లతో సరిచేసి, వెంటనే చన్నీళ్లలో పెట్టండి. మరిగే నీళ్లు వద్దు.

వానాకాలానిది ఇంకో బాధ. జింకులో సీసం కల్తీ ఉంటే తేమకు లోహమే లోపలి నుంచి పగుళ్లిస్తుంది. దానికి మందు లేదు. అరలో సిలికా జెల్ పెట్టి, తేమ 50 శాతం దగ్గర ఉండేలా చూడండి. బీరువాలో అలవాటుగా పడేసే కలరా ఉండలు మాత్రం మోడల్ దరిదాపుల్లో ఉండకూడదు. వాటిలోని నాఫ్తలిన్ ఆవిరికి పాలీస్టైరిన్ ప్లాస్టిక్ మెత్తబడి జిగురుగా మారుతుంది.

పాడ్లు బిగించేటప్పుడు విమానాన్ని మెత్తటి తువ్వాలు మీద వెల్లకిలా పడుకోబెట్టండి. పాడ్‌ను పంకా దగ్గర కాకుండా నడుము దగ్గర పట్టుకోండి. మేకు రంధ్రంలోకి దిగకపోతే నెట్టకండి, వెయ్యి నంబర్ వాటర్ పేపర్‌తో రెండుసార్లు గీకి మళ్లీ చూడండి. వదులుగా ఉంటే ఫెవికాల్ చుక్క సరిపోతుంది. తర్వాత అమరిక మార్చాలనుకుంటే నీళ్లు తగిలించి ఊడదీయవచ్చు. దుమ్ముకు గుడ్డ వద్దు, నూలుపోగు యాంటెన్నాకు చిక్కుకుంటే అది తెగదు, యాంటెన్నానే విరుగుతుంది. మెత్తటి కుంచె, కెమెరా బ్లోయర్ వాడండి. కుంచెను ముక్కు నుంచి తోకవైపే నడపండి.