ఇంటికి ఎన్ని టమాటా మొక్కలు? మేడ తోటల్లో వినే అపోహలు - వాస్తవాలు

బెంగళూరులో మేడ మీద తోటలు వేసిపెట్టడం నా పని. మారతహళ్లి, కె.ఆర్.పురం, బాణసవాడి వైపు నన్ను పిలిచేవాళ్లలో మన తెలుగువాళ్లే ఎక్కువ. ఎండ ఎటు పడుతుందో చూసేలోపే వాళ్ల దగ్గర నుంచి ప్రశ్న వస్తుంది: "నలుగురం ఉన్నామండీ, ఎన్ని టమాటా మొక్కలు పెట్టమంటారు?" ఆ ప్రశ్న చుట్టూ తిరిగే అపోహలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: మనిషికి ఒక మొక్క చొప్పున పెడితే సరిపోతుంది.

టమాటాను సలాడ్‌లో ముక్కలుగా తినేవాళ్లకు సరిపోతుందేమో. పప్పు, చారు, రోటి పచ్చడి, కూర అంటూ పూటపూటా టమాటా పడే మన ఇళ్లకు ఆ లెక్క ఆనదు. అసలు మొక్కల సంఖ్యతో మొదలుపెట్టడమే తప్పు. వారానికి ఎన్ని కిలోలు కొంటున్నారో చూసుకుని, అక్కడి నుంచి వెనక్కి రావాలి.

వారానికి రెండు కిలోలు అనుకుందాం. ఇరవై లీటర్ల గ్రో బ్యాగులో, ఎండ బాగా తగిలే చోట, మామూలు రకం మొక్క ఒకటి మొత్తం మీద రెండు కిలోల దాకా ఇస్తుందని నేను లెక్క వేసుకుంటాను. ఆ రెండు కిలోలూ ఒక్కసారి రావు. నారు నాటాక తొలి పండు కోయడానికి 9-10 వారాలు పడుతుంది. అక్కడి నుంచి సుమారు ఏడు వారాలు కోత నడుస్తుంది. అంటే కోతలో ఉన్న మొక్క వారానికి ఇచ్చేది పావు కిలో పైచిలుకే. రెండు కిలోలు కావాలంటే ఏ వారం చూసినా ఏడు మొక్కలు కోతలో ఉండాలి. అవి అయిపోయేసరికి అందుకోవడానికి వెనక ఇంకో పది మొక్కలు ఎదుగుతూ ఉండాలి. మొత్తం 17 బ్యాగులు, ఏడాది పొడవునా.

ఈ అంకె చెప్పగానే చాలామంది ముఖం మారిపోతుంది. మారాలి కూడా. ఎర్రమట్టి ఎక్కువ కలిపిన బ్యాగు తడిస్తే పాతిక కిలోలు దాటుతుంది. 17 బ్యాగులంటే నాలుగు క్వింటాళ్ల పైమాటే. అది కూడా అద్దె ఇంటి మేడ మీద! కొబ్బరి పొట్టు, కంపోస్టు పాళ్లు పెంచితే బరువు బాగా తగ్గుతుంది కానీ నీళ్లు తగ్గవు. ఎండాకాలంలో కాపు మీదున్న మొక్క రోజుకు రెండు లీటర్లు తాగుతుంది. 2024 మార్చిలో నగరంలో నీటి కటకట వచ్చినప్పుడు తోటలకు, కార్లు కడగడానికి తాగునీరు వాడితే 5,000 రూపాయల జరిమానా అని జలమండలి ప్రకటించింది. ట్యాంకర్ కోసం ఎదురుచూసే అపార్ట్‌మెంట్‌లో టమాటాకు రోజూ బకెట్ల కొద్దీ నీళ్లు పోస్తానంటే అసోసియేషన్ వాళ్లు ఊరుకుంటారా? బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయలు కడిగిన నీళ్లు బకెట్లో పట్టుకుని పోస్తే ఆరు మొక్కల దాకా లాగించవచ్చు. ఆర్వో వదిలేసిన నీళ్లు మాత్రం రోజూ పోయొద్దు, బ్యాగులో ఉప్పు పేరుకుంటుంది.

అందుకే నలుగురున్న ఇంటికి నేను చెప్పేది ఆరు మొక్కలు. మూడు ఇప్పుడు, ఇంకో మూడు ఒక నెల తర్వాత. కోత మొదలయ్యాక వారానికి ముప్పావు కిలో ఖాయం, రెండు జట్లూ కలిసి కాసే వారాల్లో కిలోన్నర. మిగతాది బజారులో కొనండి. ఇందులో నామోషీ ఏమీ లేదు.

ఏ రకం పెడుతున్నారన్నది కూడా ఈ లెక్కను మారుస్తుంది. ఇక్కడ 'నాటి' (మన మాటలో నాటు) అని అమ్మే పుల్లటి టమాటా రెండు వేస్తే పప్పుకు చింతపండు అక్కర్లేదు. గట్టి తోలు హైబ్రిడ్ నాలుగు వేసినా పులుపు చాలదు. మేడ మీద పుల్లటి రకం పెట్టుకుని చారుకు, పచ్చడికి వాడుకోండి. గ్రేవీలకు బజారు టమాటా చాలు. అలా విడగొట్టుకున్న ఇళ్లలో ఆరు మొక్కలు తక్కువయ్యాయన్న మాట నేను పెద్దగా వినలేదు.

అపోహ: మంచి రకం పెడితే మొక్కకు పదిహేను, ఇరవై కిలోలు కాస్తుంది. రెండు మొక్కలు చాలు.

ఇది గాలి మాట కాదు, దీని వెనక నిజమైన వార్త ఉంది. మన హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ తయారుచేసిన అర్క రక్షక్ అనే హైబ్రిడ్ ఒక రైతు పొలంలో మొక్కకు 19 కిలోల దాకా కాసిందని పత్రికల్లో వచ్చింది. అది పొలం. వేరు ఎంత దూరమైనా పోతుంది, డ్రిప్పులో నీళ్లతో పాటు ఎరువు అందుతుంది, కర్రలు పాతి తీగలు కట్టి నిలబెడతారు. అదే మొక్కను ఇరవై లీటర్ల సంచిలో పెట్టి 19 కిలోలు అడగడం న్యాయం కాదు. అయినా తెగుళ్ల బెడద ఎక్కువున్న మేడల మీద పుల్లటి నాటి రకానికి బదులు నేను ఆ రకాన్నే సిఫారసు చేస్తాను, దిగుబడి కోసం కాదు. ఆకుముడత వైరస్, బాక్టీరియా వడలు తెగులు, ఎర్లీ బ్లైట్ అనే ఆకుమచ్చ తెగులు, ఈ మూడింటినీ అది తట్టుకుంటుంది. పెట్టిన ఆరులో ఆరూ నిలబడటం మన లెక్కకు అంతకంటే ముఖ్యం.

అపోహ: ఒక్క మొక్కే ఉంటే కాయదు, జత ఉండాలి.

టమాటా పువ్వులో ఆడ, మగ భాగాలు రెండూ ఉంటాయి. దాని పుప్పొడితో అదే కాయ కడుతుంది. గాలి ఆడని బాల్కనీలో పూత నిలవకపోతే పొద్దున పది గంటల ప్రాంతంలో పూలగుత్తిని వేలితో మెల్లగా తట్టండి. జత కోసమని ఇంకో మొక్క కొనక్కర్లేదు.

అపోహ: బ్యాగుకు రెండు మొక్కలు పెడితే రెట్టింపు కాపు.

రెట్టింపు ఆకులు వస్తాయి. వేళ్లు ఒకే మట్టి కోసం కొట్టుకుంటాయి, ఆకుల మధ్య గాలి ఆడదు, వానాకాలంలో మచ్చ తెగులు ముందు అక్కడే మొదలవుతుంది. నీళ్లు ఒక పూట ఎక్కువై ఒక పూట చాలక, కాయ అడుగు నల్లబడి కుళ్లడం కూడా ఇలాంటి ఇరుకు బ్యాగుల్లోనే ఎక్కువగా చూస్తాను. దీనికి మూలం విత్తనాల ప్యాకెట్. గ్రాము టమాటా విత్తనాలంటే దాదాపు మూడు వందల గింజలు. మొలిచిన నారు పారెయ్యడానికి చేతులు రావు. పక్కింటి ఆంటీకో, కింద ఇస్త్రీ బండి అతనికో ఇచ్చేయండి.

అపోహ: బెంగళూరు వాతావరణం చల్లన, ఎప్పుడు పెట్టినా ఒకే కాపు.

చెన్నైలో ఉన్న చుట్టాలు మనల్ని చూసి కుళ్లుకునేది నిజమే. మే నెల అక్కడ పగలు నలభైకి దగ్గర, రాత్రి కూడా ఉక్క, పూత రాలిపోతుంది. బెంగళూరులో రాత్రి చల్లదనం వల్ల ఏప్రిల్‌లోనూ కొంత కాయ నిలుస్తుంది. అయితే ఫిబ్రవరి నుంచి మే వరకు తెల్లదోమ విజృంభిస్తుంది, ఆకుముడత తెచ్చేది అదే. శాస్త్రవేత్తలు గుర్తించిన ఈ వైరస్ రకాల్లో ఒకదానికి బెంగళూరు పేరే పెట్టారు, అంత పాత కాపురం దానిది. లేతగా ఉన్నప్పుడే ముడత పడితే ఆ మొక్క నుంచి ఏమీ ఆశించకండి. పీకేసి, ఆ ఆకులు మిగతా వాటికి తగలకుండా మేడ దింపండి. అందుకే ఎండాకాలం పంటకు ఆరు కావాలంటే తొమ్మిది నాటమంటాను. జూన్-జులైలో ఎనిమిది. అక్టోబరులో నాటితే ఏడు చాలు.

ఎండ సంగతి కూడా చూసుకోండి. ఆరు గంటల ఎండ లేని ఉత్తరపు బాల్కనీలో పై లెక్కలేవీ పనిచేయవు. అక్కడ చెర్రీ టమాటా రెండు పెట్టి, పిల్లలు కోసుకుని తింటే అదే పంట అనుకోవాలి.

అపోహ: ధర పెరిగినప్పుడు ఎక్కువ మొక్కలు పెడితే కలిసొస్తుంది.

2023 జులైలో మదనపల్లెలో కిలో రెండు వందలకు దగ్గరపడినప్పుడు నాకు ఫోన్లే ఫోన్లు. విత్తు నుంచి పండుకు మూడు నెలలు దాటుతుంది. మనతో పాటు కోలారు రైతులూ నాటి ఉంటారు కదా. మన పండు చేతికొచ్చేసరికి బజారులో ధర దిగిపోయింది.

అపోహ: నిల్వ పచ్చడికీ మన మొక్కలే చాలు.

ఐదు కిలోల టమాటాతో పచ్చడి పెట్టాలంటే ఆ ఐదు కిలోలూ ఒకే రోజు కావాలి. ఆరు మొక్కలు వారానికి కిలో, కిలోన్నర ఇస్తాయి. ఫ్రిజ్‌లో పోగేసిన పండు పచ్చడికి పనికిరాదు, రుచి పోతుంది. ధర పడిపోయిన వారం కోలారు పెట్టె ఒకటి, పదిహేను కిలోలు, ఇద్దరు ముగ్గురు ఇళ్లవాళ్లు కలిసి కొనుక్కోవడం నయం.

చివరగా మన ఇళ్లకు ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది, ఇది ఏ వీడియోలోనూ చెప్పరు. అక్టోబరు చివర్లో నాటితే తొలి పండ్లు సరిగ్గా జనవరి మొదటి, రెండో వారాల్లో ఎర్రబడతాయి. అప్పుడు మీరు ఊళ్లో ఉంటారు. సంక్రాంతికి పది రోజులు తాళం వేసి వెళ్తే పది రోజులు నీళ్లుండవు, కోసేవాళ్లూ ఉండరు. వినాయక చవితి ప్రాంతంలో నాటేస్తే నవంబరు, డిసెంబరుల్లో సగానికి పైగా కోసుకుని బయల్దేరవచ్చు. లేదంటే తిరిగొచ్చాక కోసుకునేలా నవంబరు చివర్లో నాటండి. అప్పుడు ఊరెళ్లేసరికి మొక్కలు ఇంకా నిండు కాపుకు రావు కాబట్టి, పక్కింటివాళ్లు రోజుకు ఒక చెంబు పోసినా బతుకుతాయి.