లెన్సుకు పట్టిన బూజు, మనకు పట్టిన అపోహలు

పర్లాకిమిడిలో నాకు ఫొటోల పిచ్చి పట్టి నలభై ఏళ్లు దాటింది. నా ఉద్యోగానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. పెళ్లి ఫొటోలు తీసి డబ్బు పుచ్చుకున్నదీ లేదు. జీతంలో మిగిలిన నాలుగు రాళ్లూ మాత్రం దీనికే పోశాను. ఊళ్లో ఎవరైనా కెమెరా కొనాలనుకుంటే ముందు మా అరుగెక్కి "బాబాయ్, ఏది కొనమంటారు?" అంటారు. ఆ వెంటనే వాళ్లు చెప్పే మాటల్లో సగం ఒకప్పుడు నేనూ నమ్మినవే.

అపోహ: ఖరీదైన కెమెరా అయితే ఫొటో దానంతటదే బాగా వస్తుంది.

నా మొదటి కెమెరా మా మామయ్య ఇచ్చిన ఆగ్ఫా క్లిక్ త్రీ. 120 రోలు వేస్తే పన్నెండు ఫొటోలు. ఊటీలో తయారైన ఇందు ఫిల్మ్ వేసేవాణ్ణి. ఫోకస్ తిప్పే పని లేదు. ఎండకొక గుర్తు, మబ్బుకొక గుర్తు, అంతే. పన్నెండే ఉన్నాయి కాబట్టి వెలుతురు ఎటు నుంచి పడుతోందో చూసుకున్నాకే మీట నొక్కేవాణ్ణి. నౌపడ నుంచి గుణుపూర్ వెళ్లే చిన్న రైలును దానితోనే తీశాను. రెండున్నర అడుగుల ఎడం ఉన్న పట్టాల మీద నడిచే బండి అది. కదిలే బండి ప్రతిసారీ అలుక్కుపోయేది. స్టేషన్లో ఆగి, వాలు ఎండలో పొగ వదులుతున్న ఇంజను మాత్రం చక్కగా వచ్చింది. పట్టాల ఎడం పెంచే గేజి మార్పిడి కోసం 2004లో ఆ లైను మూసేశారు, 2011లో గుణుపూర్ దాకా బ్రాడ్‌గేజి బండి వచ్చింది. ఇప్పుడు నా దగ్గర వేగమైన షట్టరు ఉంది, ఆ ఇంజనే లేదు.

అపోహ: ఆటోలో పెడితే వెలుతురు సంగతి కెమెరాయే చూసుకుంటుంది.

చూసుకుంటుంది, కానీ తనకు తెలిసినంత మేరకే. ఎదుట ఏమున్నా అది నడిమి బూడిదరంగే అనుకుని లెక్క కడుతుంది. అందుకే గోపాల్‌పూర్ సముద్రపు నురగ మాసిన గుడ్డలా వస్తుంది, నల్లరాతి విగ్రహం వెలిసిపోయినట్లు వస్తుంది. నురగకూ కొంగలకూ ఒక స్టాపు, అంటే వెలుతురు రెట్టింపయ్యేలా, పెంచండి, నల్లరాతికి ఒకటి తగ్గించండి. ఫిల్మ్ రోజుల్లో మీటరు లేనివాళ్లకు ఒక చిట్కా ఉండేది: నిండు ఎండలో లెన్సు రంధ్రం ఎఫ్16 పెట్టి (ఈ అంకె పెరిగితే రంధ్రం చిన్నదవుతుంది), ఐఎస్‌ఓ 100, అంటే వెలుతురు పట్టే వేగం 100 ఉన్న ఫిల్మ్‌కు షట్టరు 125లో ఒక వంతు సెకను. సముద్రపు ఒడ్డున అయితే ఎఫ్22. ఇప్పటికీ గురి తప్పదు.

అపోహ: మెగాపిక్సెళ్లు ఎన్ని ఎక్కువైతే అంత మంచిది.

నా మొదటి డిజిటల్ కెమెరా నికాన్ డీ40, ఆరు మెగాపిక్సెళ్లది, అంటే ఫొటోకు అరవై లక్షల చుక్కలు. అంగుళానికి 300 చుక్కల లెక్కన పది అంగుళాల వెడల్పు ప్రింటు వస్తుంది. మీ గోడ మీద అంతకంటే పెద్ద ఫొటోలు ఎన్ని ఉన్నాయి?

అపోహ: చీకట్లో ఫ్లాష్ ఉంటే చాలు.

బరంపురంలో రెండేళ్లకోసారి ఠాకురాణి అమ్మవారి యాత్ర. ఒళ్లంతా పసుపు, నలుపు చారలు పూసుకుని పులివేషగాళ్లు దిగుతారు. జనం వెనక నుంచి చేతులెత్తి ఫ్లాష్ కొట్టేవాళ్లను చూస్తే జాలేస్తుంది. గైడ్ నంబరు (ఫ్లాష్ బలం చెప్పే అంకె) 12 ఉన్న చిన్న ఫ్లాష్ ఐఎస్‌ఓ 100లో, ఎఫ్4 దగ్గర మూడు మీటర్లకు మించి పనిచేయదు. పులి అవతలే ఉంటుంది, ముందువాడి బట్టతల మాత్రం వెలిగిపోతుంది. అక్కడ నన్ను ఆదుకున్నది 50 ఎంఎం, ఎఫ్1.8 లెన్సు. కెమెరాతో వచ్చే జూమ్ లెన్సు 55 ఎంఎం దగ్గర ఎఫ్5.6కే తెరుచుకుంటుంది, ఇది దాదాపు పది రెట్లు వెలుతురు తెస్తుంది. నాది పాత రకం, డీ40లో దానికి ఫోకస్ మోటారు లేదు, చేత్తో తిప్పాల్సిందే. నా పాత ఫిల్మ్ కెమెరా యాషికాతో అలవాటైన చేయి కాబట్టి ఇబ్బంది పడలేదు.

అపోహ: తోలు సంచిలో పెట్టి బీరువాలో దాచితే కెమెరా భద్రం.

ఇది నాకు బాగా ఖరీదైన పాఠం. యాషికా ఎలక్ట్రో 35ను అచ్చంగా అలాగే, రెండు వానాకాలాలు దాచాను. తీసి టార్చి వేసి చూస్తే అద్దం లోపల సాలీడు అల్లినట్లు తెల్లటి పోగులు. బూజు. దానికి కావలసినవి తేమ, చీకటి, గాలి ఆడకపోవడం. తోలు తేమను పట్టి ఉంచుతుంది, మిగతా రెండూ బీరువా ఇస్తుంది. బూజు వదిలే ఆమ్లం అద్దం మీది పూతను తినేస్తుంది. తర్వాత తుడిపించినా మరక పోలేదు, ఎదురెండలో తీస్తే ఫొటో పాలలో ముంచినట్లు వచ్చేది. ఆవకాయ జాడీలో తడి గరిటె పెట్టనివ్వని ఇంట్లో పుట్టి, తడిగాలిలో లెన్సు దాచిన ప్రబుద్ధుణ్ణి నేను.

ఇప్పుడు గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా, అందులో నీలం సిలికా జెల్ గుళికలు. అవి గులాబీ రంగుకు తిరిగితే తేమ నిండినట్లు. వంటకు వాడని మూకుట్లో సన్న మంట మీద వేడి చేస్తే మళ్లీ నీలమవుతాయి. చిన్న తేమమీటరు పక్కనే పెట్టి 40 నుంచి 50 శాతం మధ్య ఉండేలా చూస్తాను. మరీ ఎండబెట్టినా లోపలి గ్రీజు గట్టిపడుతుంది. బియ్యంలో పెట్టడం మాత్రం వద్దు. ఆ నలుసు లెన్సు బిగింపుల్లోకి దూరుతుంది.

చివరిగా, ఋషికుల్య నది సముద్రంలో కలిసేచోట గుడ్లు పెట్టే తాబేళ్ల ఫొటోల కోసం నన్ను లెన్సు అడిగేవాళ్లకు ఒక మాట. గుడ్ల నుంచి వచ్చిన పిల్లలు ఎటు వెలుతురుంటే అటు నడుస్తాయి. ఒక్క టార్చి చాలు, సముద్రం వదిలి ఊరివైపు తిరగడానికి. రాత్రి దీపం వద్దు, ఫ్లాష్ అసలే వద్దు. అవి నీళ్లలోకి దిగుతున్న ఫొటో నా దగ్గర లేదు. తెల్లవారాక ఇసుక మీద మిగిలిన సన్నటి గీతల ఫొటో ఉంది. ఆ 50 ఎంఎం లెన్సుతోనే తీశాను.