ఫీల్డ్‌లో ఉన్న ఆర్మీ డాక్టర్: ఇంటివాళ్ల అపోహలు, అసలు వాస్తవాలు

అపోహ: డాక్టర్ కదా, యుద్ధమొచ్చినా వెనకాల పెద్దాసుపత్రిలోనే ఉంటాడు.

స్పెషలిస్టుల విషయంలో ఇది కొంతవరకు నిజం. ఎంబీబీఎస్ అయ్యి ఆర్మీ మెడికల్ కోర్‌లో చేరిన కెప్టెన్ విషయంలో మాత్రం కాదు. అతనికి తరచూ పడేది రెజిమెంటల్ మెడికల్ ఆఫీసర్ పోస్టింగ్. ఆర్‌ఎంఓ అంటారు. బెటాలియన్ ఎక్కడుంటే అతనూ అక్కడే. వందలాది జవాన్లకు ఒక్క డాక్టర్, తోడు కొందరు నర్సింగ్ అసిస్టెంట్లు. అతను నడిపే రెజిమెంటల్ ఎయిడ్ పోస్ట్ చాలాసార్లు శత్రువు ఫిరంగులకు అందే దూరంలోనే ఉంటుంది. అక్కడ ఆపరేషన్లు చేయరు. కారుతున్న రక్తం ఆపాలి, ఊపిరాడేలా చూడాలి, ఛాతీకి పడ్డ రంధ్రం మూయాలి, వెనక్కి పంపాలి. టూర్నికే (రక్తం ఆగడానికి కాలికో చేతికో బిగించే పట్టీ) బిగించాక టైము కార్డు మీద రాయడం మర్చిపోతే, బిగించి రెండు గంటలు దాటిందో లేదో వెనకున్న సర్జన్‌కు తెలియదు. దాన్ని విప్పొచ్చా, ఆ కాలు దక్కుతుందా అన్న నిర్ణయాలకు ఆ అంకే ఆధారం. రక్తస్రావాన్ని తగ్గించే మందు ట్రానెక్సమిక్ యాసిడ్ ఒక గ్రాము గాయమైన 3 గంటల్లోపే పడాలి. ఆ తర్వాత ఇస్తే మేలు జరక్కపోగా కీడు జరగొచ్చు. సర్జన్, మత్తు ఇచ్చే అనస్థటిస్టు ఉండేది ఈ ఎయిడ్ పోస్ట్‌కు వెనకంచెలో. బేస్ హాస్పిటల్, కమాండ్ హాస్పిటల్ ఇంకా వెనక.

కొరియా యుద్ధానికి భారత్ పోరాడే దళాలను పంపలేదు, పంపింది వైద్య యూనిట్‌నే: లెఫ్టినెంట్ కల్నల్ ఏ.జి. రంగరాజ్ నాయకత్వంలో 60వ పారాషూట్ ఫీల్డ్ అంబులెన్స్. 1950 నవంబరులో అక్కడికి చేరింది. 1951 మార్చి 23న మున్సాన్‌నీ దగ్గర అమెరికన్ పారాట్రూపర్లతో పాటు ఆ యూనిట్ వైద్య బృందం కూడా పారాషూట్లతో దూకింది. యూనిట్ కొరియాలో మూడేళ్లకు పైగా ఉంది. ‘వైద్య సాయమే కదా’ అన్న మాటతో ఇంట్లోవాళ్లు ధైర్యం తెచ్చుకోవడానికి లేదు.

అపోహ: రెడ్ క్రాస్ గుర్తు ఉంటే శత్రువు పట్టుకోడు, పట్టుకున్నా వదిలేస్తాడు.

సగం మాటే నిజం. 1949 నాటి మొదటి జెనీవా ఒప్పందం ప్రకారం వైద్య సిబ్బంది మీద దాడి చేయకూడదు. తననీ తన పేషెంట్లనీ కాపాడుకోవడానికి డాక్టర్ దగ్గర ఆయుధం ఉన్నా ఈ రక్షణ పోదు. కానీ పట్టుబడితే? 28వ ఆర్టికల్ ప్రకారం అతను యుద్ధఖైదీ కాడు, ఖైదీలుగా ఉన్న తన వైపు వాళ్లకు వైద్యం చేయడానికి శిబిరంలో ఆపి ఉంచిన మనిషి. ఖైదీకి ఉండే సౌకర్యాలన్నీ ఇతనికీ కనీసంగా ఇవ్వాలి, వైద్యం తప్ప వేరే పని చేయించకూడదు. అవసరం లేనివాళ్లను దారి తెరుచుకోగానే తిప్పి పంపాలని 30వ ఆర్టికల్ చెబుతుంది. చిక్కంతా ఇక్కడే. అవసరం ఉందా లేదా అని తేల్చేది పట్టుకున్న పక్షం. శిబిరంలో మన జవాన్లు జబ్బుపడి ఉన్నంతకాలం ‘అవసరం ఉంది’ అనడం వాళ్లకు తేలిక.

ఇంటికి కబురు ఎప్పుడొస్తుంది? శిబిరానికి చేరిన వారంలోపు కుటుంబానికి ఒక కార్డు రాసుకోనివ్వాలి. తర్వాత ఉత్తరాల మీద పరిమితి పెట్టినా నెలకు రెండు ఉత్తరాలు, నాలుగు కార్డులకు తగ్గకూడదు. ఇది రాయనివ్వాల్సిన లెక్క, ఇంటికి చేరే లెక్క కాదు. మధ్యలో సెన్సారు ఉంటుంది. రెండు నెలలు ఉత్తరం రాకపోతే దానికి చెడ్డ అర్థమే తీయక్కర్లేదు.

ఇక ఎడమ చేతికి కట్టే గుర్తుపట్టీ ఒక్కటే చాలదు. దాని మీద సైనిక అధికారుల ముద్ర ఉండాలి, దాంతోపాటు ఫొటో అంటించిన ప్రత్యేక గుర్తింపు కార్డు దగ్గరుండాలి. ఈ కార్డు లేకపోతే తాను డాక్టరేనని నిరూపించుకోవడం కష్టం.

అపోహ: ఉత్తరం మీద ఊరి పేరు కూడా రాస్తే తొందరగా చేరుతుంది.

రాయకండి. నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్, కేరాఫ్ 56 ఏపీఓ (ఆర్మీ పోస్టాఫీసు) లేదా 99 ఏపీఓ, 9తో మొదలయ్యే పిన్. అంతే. యూనిట్ ఎక్కడికి కదిలిందో సైనిక తపాలాకు తెలుసు. మీరు రాసే ఊరి పేరు వల్ల ఉత్తరం ముందు చేరదు, యూనిట్ ఎక్కడుందో మాత్రం దారిలో అందరికీ తెలుస్తుంది.

అపోహ: పెళ్లయింది, బిడ్డ పుట్టాడు, ఆఫీసులో అందరికీ తెలుసుగా.

తెలిస్తే చాలదు, పార్ట్ టూ ఆర్డర్‌లో, అంటే సిబ్బంది కుటుంబ వివరాల్లో మార్పులను సైన్యం అధికారికంగా నమోదు చేసే ఉత్తర్వులో పడాలి. అది పడకపోతే మిలిటరీ హాస్పిటల్‌లో భార్యకు, బిడ్డకు డిపెండెంట్ కార్డు దగ్గరే చుక్కెదురవుతుంది. ఇంకో పొరపాటు తరచూ జరుగుతుంది: చేరినప్పుడు నామినీగా రాసిన అమ్మ పేరే పెళ్లయ్యాక కూడా అలాగే ఉండిపోతుంది. మార్చాలా, ఎవరికెంత వాటా అన్నది ఇంటి విషయం. కానీ ఫీల్డ్‌కు వెళ్లకముందే కూర్చుని తేల్చుకోవాలి. ఫీల్డ్‌లో ఉన్న మనిషితో సంతకాలు పెట్టించుకోవడం వారాల పని.

అపోహ: ఇంట్లో కష్టమంటే మర్నాటికల్లా వచ్చేస్తాడు.

సెలవు హక్కు కాదు. పైగా ఆర్‌ఎంఓ కదలాలంటే ఇంకో డాక్టర్ వచ్చి ఆ కుర్చీలో కూర్చోవాలి. వచ్చేవాడికి ఎత్తు అలవాటు లేకపోతే అతనూ పేషెంటే అవుతాడు. 9,000 నుంచి 12,000 అడుగుల మధ్య 6 రోజులు, 15,000 దాకా ఇంకో 4, ఆపైన మరో 4, మొత్తం 14 రోజులు ఆగి శరీరాన్ని అలవాటు చేసుకోవాలి. తొందరపడి పైకెళితే ఊపిరితిత్తుల్లో నీరు చేరొచ్చు. మీవాడు ఎక్కువ రోజులు కిందికి వచ్చిపోయినా ఈ నిలుపుదల మళ్లీ తప్పదు. సెలవు అయిపోయి వెళ్లాక కొన్నాళ్లు ట్రాన్సిట్ క్యాంపులో ఉన్నాడంటే కారణం ఇదే.

అత్యవసరమైతే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారాగానీ, నేరుగాగానీ యూనిట్‌కు కబురు పెట్టండి. మీవాడి సర్వీస్ నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్, పేషెంట్ పేరు, బంధుత్వం, ఏ ఆసుపత్రి, ఏ వార్డు, అక్కడి డాక్టర్ ఏమన్నారు, వెనక్కి ఫోన్ చేయడానికి నంబరు, అన్నీ రాయండి. ‘నాన్నకు సీరియస్, వెంటనే రా’ అని ఒక్క ముక్క పంపితే, యూనిట్ అడ్జుటెంట్ (కార్యాలయ వ్యవహారాలు చూసే అధికారి) ఆ వివరాలన్నీ మళ్లీ మీకే ఫోన్ చేసి కనుక్కునే దాకా సెలవు కాగితం కదలదు.