ఈసీజీ నార్మలే, కానీ దడ భ్రమ కాదు: అపోహలు - వాస్తవాలు

బెంగళూరులో మారతహళ్లి, ఎలక్ట్రానిక్ సిటీ వైపు ఉండే మనవాళ్ళు ఎందరో అర్ధరాత్రి ఛాతీ పట్టుకుని ఎమర్జెన్సీకి పరుగెడతారు. ఈసీజీ నార్మల్ అనగానే ఇంట్లోవాళ్ళ మాట ఒకటే: "ఏం లేదటగా, అంతా నీ భ్రమ." ఈ మాట చేసే చేటు ఇంతా అంతా కాదు. మళ్ళీ దడ వచ్చినా ఆ మనిషి నోరు విప్పడు. మెట్రో ఎక్కడు, మీటింగులు తప్పించుకుంటాడు.

చాలాసార్లు ఇది పానిక్ అటాక్, అంటే ఉన్నట్టుండి ముంచెత్తే భయం, దడ. అప్పుడు ఒంట్లో జరిగేది ఇదీ. మెదడు అడుగు భాగమైన బ్రెయిన్ స్టెమ్‌లో లోకస్ సెరులియస్ అనే చిన్న కేంద్రం నార్ అడ్రినలిన్ అనే అప్రమత్తం చేసే రసాయనాన్ని వదులుతుంది. ఒంటిని ప్రమాదానికి సిద్ధం చేసే సింపథెటిక్ నరాల ద్వారా కబురు అందగానే, మూత్రపిండాల పైనుండే అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్ అనే హార్మోన్‌ను రక్తంలోకి పంపుతాయి. గుండె వేగం నిమిషానికి 120 దాటవచ్చు. ఊపిరి వేగం పెరిగి రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది. దాంతో మెదడు రక్తనాళాలు సన్నబడి తల తిరుగుతుంది, పెదాల చుట్టూ తిమ్మిరెక్కుతుంది, వేళ్ళు కొంకర్లు పోతాయి. వేలికి పెట్టిన ఆక్సీమీటర్ ఆక్సిజన్ 99 శాతం చూపిస్తున్నా "గాలి ఆడట్లేదు" అంటూ ఇంకా గట్టిగా పీలుస్తారు. ముదిరేది అక్కడే. కాబట్టి పక్కనున్నవాళ్ళు "గట్టిగా ఊపిరి పీల్చు" అనకండి.

ముక్కుతో 4 సెకన్లు మామూలుగా పీల్చి, 6 సెకన్లు మెల్లగా వదలాలి. ఇలా 5 నిమిషాలు. ఊపిరి వదిలేటప్పుడు మెదడు నుంచి గుండెకు వెళ్ళే వేగస్ నరం ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనంతో గుండెను నెమ్మదింపజేస్తుంది. రక్తంలోని అడ్రినలిన్ రెండు మూడు నిమిషాల్లో సగమవుతుంది. కొత్త భయం తోడైతేనే మళ్ళీ ఊరుతుంది. కవరులో ఊపిరి తీయించడం మాత్రం వద్దే వద్దు. అది నిజంగా గుండెపోటో ఆస్తమానో అయితే ప్రాణం మీదికి వస్తుంది. మొదటిసారి వచ్చినా, నడిస్తే నొప్పి పెరిగినా, దవడకో చేతికో పాకినా ముందు ఈసీజీయే.

మిగతావి క్లుప్తంగా. ఒత్తిడి హార్మోన్ అనే కార్టిసాల్ విషం కాదు, పొద్దున్నే పెరగడం దాని సహజం; "డిటాక్స్" పొడులకు డబ్బు తగలేయకండి. దడ తగ్గించే ప్రొప్రనోలాల్ మాత్రను ఆస్తమా ఉన్నవాళ్ళు సొంతంగా వేసుకోకూడదు. అలవాటుగా మారే ప్రమాదం ఆల్‌ప్రజోలామ్ అనే మత్తు కలిగించే ఆందోళన మాత్రతో. ఆందోళనకు రోజూ వాడే ఎస్సిటలోప్రామ్ లాంటి మందులు పనిచేయడానికి 2 నుంచి 4 వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. మొదటి వారం ఆందోళన కాస్త పెరగవచ్చు. మీరే ఆపేయకుండా డాక్టరుకు చెప్పండి. తగ్గిందని ఒక్కసారిగా మానేస్తే తల తిరుగుడు, షాక్ కొట్టినట్టు జివ్వుమనడం రావచ్చు. మోతాదు మెల్లమెల్లగా తగ్గించాల్సిందే.

ఎవరిని అడగాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. ఖర్చు లేదు, తెలుగులోనూ మాట్లాడతారు.