రాజు సొత్తా, రాజ్యం సొత్తా: హోహెన్‌జోలెర్న్‌ల ఆస్తి తగాదా వెనుక కథ

జర్మనీ చివరి చక్రవర్తి వంశమైన హోహెన్‌జోలెర్న్‌లకూ, ప్రభుత్వానికీ మధ్య ఆస్తుల పేచీ 2025 మే నెలలో తెగింది. మ్యూజియంలలో ఉన్న సుమారు 27,000 వస్తువులు అక్కడే ఉంటాయని కేంద్రమూ, బెర్లిన్, బ్రాండెన్‌బర్గ్ రాష్ట్రాలూ ఆ కుటుంబంతో ఒప్పందానికి వచ్చాయి. కైజర్, అంటే చక్రవర్తి, గద్దె దిగింది 1918లో. లెక్క తేలడానికి 107 ఏళ్లు పట్టింది.

పీటముడి ఎక్కడ పడిందో తెలియాలంటే ఇంకా వెనక్కి, 1713కి వెళ్లాలి. ఆ ఏడాది ఈ వంశం ఏలిన జర్మన్ రాజ్యం ప్రష్యాకు రాజైన మొదటి ఫ్రెడరిక్ విల్‌హెల్మ్ తన సొంత భూములనూ రాజ్యం భూములనూ ఒకే పద్దులో కలిపేసి, అమ్మడానికి వీల్లేదని శాసనం చేశాడు. 1794 నాటి ప్రష్యా న్యాయస్మృతి ఆ భూములు రాజ్యానివేనంది. 1820లో వాటి ఆదాయం నుంచి ఏటా 25 లక్షల థేలర్లను (అప్పటి వెండి నాణేలు) రాజకుటుంబం ఖర్చుకు కేటాయించారు. భూముల సంగతి ఇలా కాగితం మీదకు ఎక్కింది కానీ భవనాలు, చిత్రాలు, వెండి సామాను విషయంలో అంత స్పష్టత లేదు. రాజు కొన్న చిత్రానికి డబ్బు సొంత ఖజానా నుంచి వచ్చిందా, రాజ్య ఖజానా నుంచి వచ్చిందా? రాజు ఉన్నంతకాలం ఆ ప్రశ్నతో ఎవరికీ పనిపడలేదు.

1918 నవంబర్‌లో పనిపడింది. చివరి కైజర్ రెండో విల్‌హెల్మ్ నెదర్లాండ్స్ పారిపోయాక, విప్లవ ప్రభుత్వం నెలాఖరులో రాజకుటుంబం ఆస్తులను జప్తు చేసింది. ఇక్కడే అసలు మెలిక ఉంది: జప్తు అంటే ప్రభుత్వ అధీనంలోకి తీసుకోవడమే, యాజమాన్యం మారడం కాదు. దాంతో కైజర్ అక్కడ డోర్న్ అనే ఊళ్లో కొన్న ఇంటికి 59 రైలు వ్యాగన్ల సామాను బెర్లిన్, పోట్స్‌డాం రాజభవనాల నుంచి వెళ్లింది. కొత్త గణతంత్రం రాసుకున్న 1919 వైమార్ రాజ్యాంగం ప్రభువర్గం హోదాలు రద్దు చేసి బిరుదులను ఇంటిపేర్లుగా మార్చేసింది. అదే రాజ్యాంగం ఆస్తి హక్కుకూ రక్ష ఇచ్చింది. పాత రోజుల న్యాయమూర్తులే కొలువుల్లో ఉండడంతో కోర్టు తీర్పులు మాజీ రాజుల వైపే మొగ్గాయి.

1923 నాటి ద్రవ్యోల్బణంలో సామాన్యుల పొదుపు చిత్తుకాగితమైపోయింది. రాజులకు మాత్రం పరిహారమా అని జనం మండిపడ్డారు. పరిహారం లేకుండా ఆస్తులు తీసుకుని నిరుద్యోగులకు, యుద్ధ బాధితులకు వాడాలంటూ కమ్యూనిస్టులు, సోషల్ డెమొక్రాట్లు కలిసి ప్రజాభిప్రాయ సేకరణ కోరారు. 1926 మార్చిలో 1.25 కోట్ల మంది సంతకం చేశారు. జూన్ 20న ఓటింగ్ జరిగింది. అది రాజ్యాంగాన్ని మార్చే విషయం కాబట్టి మొత్తం ఓటర్లలో సగం మంది, అంటే దాదాపు 2 కోట్ల మంది, అవునని చెప్పాలన్నారు. వచ్చినవి సుమారు 1.45 కోట్లు. చెల్లిన ఓట్లలో అది 96 శాతం, అయినా ఓటమే. వ్యతిరేకులు వేసిన ఎత్తు అలాంటిది: వద్దని ఓటెయ్యకండి, అసలు బూత్‌కే వెళ్లకండి అన్నారు. దాంతో రహస్య ఓటు కాస్తా బట్టబయలైంది. పల్లెలో బూత్ దగ్గర కనిపించినవాడు ఎటు వేశాడో భూస్వామికి ఇట్టే తెలిసిపోయేది.

ఆ అక్టోబర్‌లో ప్రష్యా ప్రభుత్వమూ రాజకుటుంబమూ పంపకాల ఒప్పందం చేసుకున్నాయి. సాన్సూసీ, షార్లోటెన్‌బర్గ్ లాంటి ప్రధాన రాజభవనాలు ప్రభుత్వానికి వచ్చాయి. కుటుంబానికి నగదు, భూములు, కొన్ని భవనాలు, పోట్స్‌డాంలోని సెసీలియన్‌హోఫ్ రాజభవనంలో నివాస హక్కు మిగిలాయి. కళావస్తువులను వర్గాలుగా విడదీశారు. తర్వాతి తగాదాల్లో పదేపదే తిరగేసింది ఈ ఒప్పందాన్నే. ముఖ్యంగా పశ్చిమ బెర్లిన్‌లో మిగిలిన వస్తువులకు వేరే ఆధారం లేదు.

తూర్పున కథ వేరు. 1945లో సోవియట్ ఆక్రమిత ప్రాంతంలో భూసంస్కరణ పేరిట 100 హెక్టార్లు, అంటే 247 ఎకరాలు దాటిన ఎస్టేట్లను ఇళ్లూ సామాన్లతో సహా పైసా ఇవ్వకుండా తీసుకున్నారు. హోహెన్‌జోలెర్న్‌ల ఆస్తులూ ఆ కోవలోనే పోయాయి. 1990లో రెండు జర్మనీలు కలిసేటప్పుడు 1945–49 మధ్య జరిగిన స్వాధీనాలను తిరగదోడకూడదని ఒప్పుకున్నారు. 1991లో రాజ్యాంగ న్యాయస్థానమూ దాన్ని సమర్థించింది.

1994 చట్టం అందులో చిన్న సందు తెరిచింది. భూములూ భవనాలూ తిరిగి రావు, కొంత పరిహారం మాత్రం వస్తుంది. చరాస్తులు తిరిగివ్వాలి. అయితే ప్రజలకు ప్రదర్శిస్తున్న కళావస్తువులను మ్యూజియంలు 20 ఏళ్ల పాటు ఉచితంగా ఉంచుకోవచ్చు. ఆ గడువు 2014 చివర్లో తీరింది. చర్చలు సరిగ్గా ఆ ఏడే మొదలవడం కాకతాళీయం కాదు.

అదే చట్టంలో ఒక అడ్డుకట్ట కూడా ఉంది. నాజీ పాలనకు గానీ కమ్యూనిస్టు పాలనకు గానీ ‘గణనీయమైన ఊతం’ ఇచ్చినవారికి ఏమీ దక్కదు. అడిగే వారసుడే కాదు, ఆస్తి పోగొట్టుకున్న పూర్వీకుడు ఊతమిచ్చినా అంతే. కైజర్ 1941లో చనిపోయాడు కాబట్టి 1945 నాటి యజమాని ఆయన కొడుకు, మాజీ యువరాజు విల్‌హెల్మ్. లక్షల యూరోల వ్యవహారం చివరికి 1951లో పోయిన ఒక మనిషి నడవడి మీదికి వచ్చి ఆగింది.

రాజకీయాల జోలికి పోనని మాటిచ్చి ఆయన 1923లో దేశానికి తిరిగొచ్చాడు. 1932 ఏప్రిల్‌లో అధ్యక్ష ఎన్నిక రెండో విడతలో హిట్లర్‌కే ఓటేస్తానని బహిరంగంగా ప్రకటించాడు. 1933 మార్చి 21న పోట్స్‌డాం చర్చిలో కొత్త పాలకులు జరిపిన వేడుకకు యూనిఫాంలో హాజరయ్యాడు. ఇది గణనీయమేనా? చరిత్రకారులు నాలుగు నివేదికలిచ్చారు. క్రిస్టఫర్ క్లార్క్ ఆయన్ను లెక్కలోకి రాని మనిషి అన్నాడు, తర్వాత అభిప్రాయం మార్చుకున్నాడు. వోల్‌ఫ్రాం పీటా అయితే ఆయన హిట్లర్‌ను అడ్డుకోబోయాడన్నాడు. పీటర్ బ్రాంట్, స్టెఫాన్ మాలినోవ్‌స్కీ ఊతమిచ్చాడని తేల్చారు. పత్రాలు చదివితే ఈ ఇద్దరి వాదనే బలంగా నిలుస్తుంది. గద్దె మీద ఆశతో చేసినా సాయం సాయమే కదా.

పరిహారంగా 12 లక్షల యూరోలు ఇవ్వడానికి మొదట సిద్ధపడిన బ్రాండెన్‌బర్గ్ 2015లో కాదంది. కుటుంబం కోర్టుకెక్కింది. సెసీలియన్‌హోఫ్‌లోనో మరో రాజభవనంలోనో నివాస హక్కు కూడా అడుగుతున్నారని 2019లో పత్రికల్లో రావడంతో పెద్ద దుమారమే రేగింది. 1945లో యుద్ధం గెలిచిన దేశాల నేతల పోట్స్‌డాం సమావేశం జరిగిన భవనం సెసీలియన్‌హోఫ్, ఊరుకుంటారా! 2023 మార్చిలో కుటుంబ పెద్ద గేయోర్గ్ ఫ్రెడరిక్ దావాలు వెనక్కి తీసుకున్నారు. తర్వాత రెండేళ్లకు రాజీ కుదిరింది.

రాజీ ప్రకారం వివాదంలో ఉన్న వస్తువులు కొత్తగా పెట్టే ఫౌండేషన్‌కు చెందుతాయి. దాని పాలకమండలిలో మూడింట రెండొంతులు ప్రభుత్వ ప్రతినిధులు, ఒక వంతు కుటుంబం. లూకాస్ క్రానాక్ గీసిన, ఈ వంశానికే చెందిన పాత పాలకుడు మొదటి యోయాఖిమ్ చిత్రపటం, ఫ్రెడరిక్ ది గ్రేట్ బ్రెస్లౌ కోటకు తెప్పించిన భోజన సామగ్రి సందర్శకులకు దక్కాయి. దావాలు ఉపసంహరించుకోవడంతో యువరాజు ఇచ్చిన ఊతం గణనీయమా కాదా అన్నదాని మీద మాత్రం కోర్టు తీర్పు రాలేదు.